పాదు అచ్చిరాని ఇల్లు

మొన్న రాజోలు బస్టాండు దగ్గర పళ్ళబండి మీద అవి కనిపించాయి. ఒక్కొక్క పండుకీ తెల్లటి వలతొడుగు వేసి, యాపిల్ పళ్ళ పక్కన వరసగా పేర్చాడు ఆ బండి అబ్బాయి. నున్నగా, ఊదారంగులో, కోడిగుడ్డంత ఉన్నాయి. పేరడిగితే ఇంగ్లీషులో ఏదో చెప్పి, "ఫారిన్ పండండి, ఒంటికి చాలా మంచిదండి" అన్నాడు. బండి కింద గంపలో మాత్రం తొక్క ముడతలు పడి, సొట్టలు పోయినవి కొన్ని పడి ఉన్నాయి.

"అవి ఇవ్వు బాబూ," అన్నాను.

"ఇయ్యాండి? ఇయ్యి పాడైపోయినయ్యండి. పారబోద్దావని పక్కనెట్టేను."

"పాడవలేదు. ఇప్పటికి పండాయి. నువ్వు పైన పేర్చినవన్నీ ఇంకా పండాలి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. పెద్దావిడ, ఎండకి తల తిరిగిందేమో అనుకుని ఉంటాడు. కోనసీమవాడు కనక పైకి అనలేదు. "ఆయ్, మీ ఇష్టవండి," అని సంచిలో వేసి ఇచ్చాడు.

ఆటో ఎక్కాక సంచి మూతి తెరిచి వాసన చూశాను. పులుపూ తీపీ కలిసి ముక్కుకి గుప్పుమని తగిలింది. ఈ వాసనకి నాకు గుర్తొచ్చేది పళ్ళతోట కాదు. పశువుల పాక, కుడితి గోలెం, వానకి నానిన కొబ్బరాకులు. ఎవరికైనా చెబితే నవ్వుతారని ఆటోలో పక్కావిడకి చెప్పలేదు.

మా ఊరు రాజోలుకీ మలికిపురానికీ మధ్య, కాలవ గట్టు వారన ఉంటుంది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, వెనక వరిచేలు. అందులో గొప్పేమీ లేదు, అక్కడ అందరిళ్ళూ అంతే. మా ఇంటికున్న తేడా ఒక్కటే. మా దొడ్లో పాదు ఉండేది కాదు. పాదంటే ఏ పాదూ. బీర, ఆనప, కాకర, దొండ, చిక్కుడు, గుమ్మడి, నేల మీద పాకేదైనా పందిరెక్కేదైనా సరే, మా ఇంటికి అచ్చిరాదు. అది మామ్మ మాట. ఏ పక్షో ఎక్కడో దొండపండు తిని మా దొడ్లో రెట్ట వేస్తే, ఆ మొక్క రెండాకులు వేసేలోపే మామ్మ కంట పడేది. మర్నాటికి ఉండేది కాదు.

అలాగని మేం పస్తులేమీ పడుకోలేదు. నిజానికి మాకు జరిగినంత వైభోగం పాదులున్నవాళ్ళకి జరగలేదు. ఎవరింట్లో బీర విరగకాసినా ముందు ఒక తట్ట మా గుమ్మంలోకి వచ్చేది. "మీకు పాదు లేదు కదండీ," అని జాలిగా మొహం పెట్టి ఇచ్చి వెళ్ళేవారు. ఆనపకాయలు తినలేక మేం వడియాలు పెట్టుకునేవాళ్ళం. ఒక్క పొట్లకాయ మాత్రం ఎవరూ పంపేవారు కాదు. మా ఇంట్లో పొట్లకాయ పేరు కూడా ఎత్తేవారు కాదు.

కారణం అమ్మ నాకొకసారి నీళ్ళ కాగు దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. మా నాన్నకీ బాబాయికీ మధ్య మామ్మకి ఇంకో కొడుకు ఉండేవాడట. మూడేళ్ళవాడు. దొడ్లో పొట్లపందిరి కాయల బరువుకి వంగిపోయిన ఏడు, వానల్లో జ్వరం వచ్చి పోయాడు. ఆ మర్నాడు మామ్మ పాదు పీకి పందిరి పొయ్యిలో పెట్టింది. మళ్ళీ ఎన్నడూ ఆ పిల్లవాడి మాట ఎత్తలేదు. వాడి పేరేమిటో కోడలైన మా అమ్మకే తెలియదు.

ఆనవాయితీ తప్పినదాన్ని తిరిగి మొదలుపెట్టడానికి మా వైపు ఒక లెక్క ఉంది. ఇంట్లో కోడలు ప్రసవించిన రోజునే పాకలో ఆవు ఈనాలి. అప్పుడు దోషం పోయినట్టు. నేను పుట్టినప్పుడు మా ఎర్రావు నిండు చూలుతో ఉందట. వీధంతా ఆశగా చూశారట. అది మర్నాడు ఈనింది. "ఒక్క పూట ఆగలేకపోయేవే," అని మామ్మ నన్ను ఎప్పుడూ వేళాకోళం చేసేది. పుట్టడంలో కూడా తొందరపడ్డ మనిషినన్న పేరు నాకు అలా వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

నాకు పదేళ్ళు వచ్చేసరికి బాబాయికి పెళ్ళయింది. కువైట్‌లో పని. సెలవు మీద వచ్చి, పెళ్ళి చేసుకుని, కొత్త పెళ్ళాన్ని మాకు అప్పజెప్పి విమానం ఎక్కేశాడు. పిన్నిది మన్యం అంచున కొండ కింది ఊరు. గోదావరి నీళ్ళు తాగుతూనే పెరిగినా, ఇంత చదునైన నేల ఆవిడెప్పుడూ చూడలేదు. "ఎటు చూసినా ఆకాశం నేలకి ఆనేస్తుందేంటే," అనేది నాతో. మధ్యాహ్నం వేళ కొబ్బరి మట్టల గుట్ట వెనక కూర్చుని ఏడ్చేది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే కళ్ళు తుడుచుకుని చీపురుపుల్లలు చీరేది, మట్టలు చీరడానికే వచ్చినట్టు.

పిన్ని సారె వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చలిమిడి బిందె, లడ్డూల గంప, అరటిగెలలు, పసుపు కుంకాలు వరసగా దించారు. ఆఖర్న ఇంకో ఇత్తడి బిందె. పిల్లలం అందులోనూ మిఠాయే అనుకుని మూత తీశాం. తడి గోనెగుడ్డలో చుట్టిన తీగ ముక్క. మూడేసి వేళ్ళలా చీలిన ఆకులు, పక్కన స్ప్రింగులా చుట్టుకున్న నులితీగలు.

"ఇదేంటమ్మాయ్?" అంది మామ్మ.

"రాఖీ తీగండి అత్తయ్యగారూ. మా అమ్మ పెట్టింది. మా ఇంటి ముందు గుమ్మానికి పాకించుకుంటాం. అందంగా ఉంటుందండి. ఎండకీ వానకీ కూడా చావదండి. కాయలు కూడా..."

ఆ మాట పూర్తి కాలేదు. మామ్మ మొహం చూసి అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది. మామ్మ కోప్పడలేదు. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది.

"మనింటికి పాదు అచ్చిరాదమ్మా. ఏవనుకోకు," అని లోపలికి వెళ్ళిపోయింది.

పిన్ని బిందె తీసుకెళ్ళి స్నానాల తడిక వెనక పెట్టి రోజూ నీళ్ళు మార్చేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో లడ్డూలు అయిపోయాయి, చీరలు పెట్టెలో ఉన్నాయి. ప్రాణం ఉన్నది అదొక్కటే. అది ఎండిపోతే పిన్ని కూడా పుట్టింటికి వెళ్ళిపోతుందని నాకు నేనే అనేసుకుని, ఆవిడ చూడనప్పుడు నేను కూడా నీళ్ళు పోసేదాన్ని. రెండు చేతుల వైద్యంతో అది కుళ్ళకుండా బతకడం దాని గొప్పే.

దారి చూపించింది పక్కింటి అత్తయ్య. మాకూ వాళ్ళకీ మధ్య కొబ్బరాకులతో అల్లిన దడి తప్ప గోడ లేదు. దడికి చెవులుంటాయి కదా, ఆవిడ అన్నీ విన్నది. ఒక పొద్దున్న దడి మీంచి తల పైకెత్తింది.

"పెద్దమ్మగారూ, మీరేవీ అనుకోకపోతే ఒక మాటండి. మొదలు మా దొడ్లో పెట్టుకోమనండి. మాకు పాదులు బాగానే అచ్చొస్తాయి కదండీ."

మామ్మ పప్పు చేట పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించింది. కోర్టులో జడ్జీలు కూడా అంతసేపు ఆలోచించరు.

"మొదలెక్కడో పాదు అక్కడిదే," అని తీర్పు చెప్పింది. "మీ దొడ్లో మీరేం పెంచుకుంటే నాకెందుకు."

అలా పిన్ని తీగ పక్కింటివాళ్ళదైంది. దడికి ఆనుకుని, వాళ్ళ వైపు నాటారు. కాని తీగ అన్నది పెట్టిన చోట ఉండేది కాదు. వాళ్ళ వైపు కొబ్బరిచెట్ల నీడ, మా వైపు ఎండ. నెల తిరిగేసరికి దడి ఎక్కి ఇటు దూకింది. వానాకాలం ముగిసేసరికి మా పశువుల పాక కప్పు మీద కాళ్ళు చాపుకుని పడుకుంది. మామ్మ పాక వైపు వెళ్ళినప్పుడల్లా తల దించుకుని వెళ్ళేది. పైకి చూడలేదు కనక తీగ లేనట్టే.

నీళ్ళు పొయ్యాలంటే పిన్ని వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి. కొత్త కోడలు చెంబు పట్టుకుని రోజూ వీధిన పడితే బాగుండదని నేను దడిలో కన్నం చేశాను. మొదట చెంబు పట్టేంత. తరవాత నేను పట్టేంత. ఆ తరవాత అత్తయ్యవాళ్ళ కోళ్ళు పట్టేంత అయింది. అవి వచ్చి, అమ్మ ఎండబెట్టిన గుమ్మడి వడియాలు ముక్కుతో పొడిచి పరీక్ష చేసి వెళ్ళేవి. దడి కుక్క కొరికిందని నేనన్నాను. కొబ్బరాకు తినే కుక్కని తను ఎక్కడా చూడలేదని మామ్మ అంది. అంతటితో ఆ విచారణ ముగిసింది.

రెండో ఏడు శ్రావణంలో పూలు పూసింది. అలాంటి పువ్వు మా వైపు ఎవరూ చూడలేదు. అరచేతి వెడల్పున తెల్లటి రేకులు, వాటి మీద ఊదారంగు దారాలు చక్రంలా పరిచినట్టు, నడిమధ్య పచ్చటి బుడిపె, అచ్చం రాఖీలా. నల్లటి తుమ్మెదలు వీపంతా పుప్పొడి పూసుకుని తిరిగేవి. వీధంతా మా పాక ముందే. పేరంటానికి వచ్చినట్టు బొట్టు పెట్టుకుని మరీ వచ్చారు. అత్తయ్య ఆ పువ్వు తన దొడ్డిదే కదా అన్న హక్కుతో అందరికీ వివరించేది.

"చుట్టూ ఈ దారాలన్నీ కౌరవులండి. ఇవిగో ఈ అయిదూ పాండవులు. ఈ బుడిపె ద్రౌపది. పైన మూడూ బ్రహ్మ విష్ణు మహేశ్వరులు."

"మరి కుంతీదేవి ఏదే?" అంది మామ్మ పాక గుమ్మంలో నిలబడి. తీగ వైపు చూడకూడదన్న నియమం ఆ రోజుకి మరిచిపోయింది.

"ఆవిడ ఇంట్లో వంట చూసుకుంటా ఉంటాదండి."

"అంతేలే. ఏ కథలోనైనా అత్తగారికి వంటిల్లే గతి," అని మామ్మ అంటే పిన్ని నవ్వింది. ఆ ఇంటికి వచ్చాక పిన్ని పైకి వినబడేలా నవ్వడం అదే మొదటిసారి.

కాయలు దిగాక అసలు తగువు వచ్చింది. తగువంటే మా వైపు తగువు. కొట్టుకోరు, నువ్వు తీసుకోమంటే నువ్వు తీసుకోమని చంపేస్తారు. మొదలు మాది కాదు కనక కాయలు మావి కావని అమ్మ. పాక మీద కాసినవి మావెలా అవుతాయని అత్తయ్య. "మీరు కోసుకోండి." "అబ్బే, మీరు కోసుకోండి." చివరికి ఒక రోజు అత్తయ్య ఉండబట్టలేక పచ్చి కాయలు కోసి, కాకరకాయలకి బంధువులనుకుని, ఉల్లికారం పెట్టి కూర వండింది. ఒక గిన్నె మాకూ పంపింది.

ఆ కూర గురించి ఎక్కువ చెప్పను. చేదు కాదు, పులుపు కాదు, గోనెసంచి ఉడకబెట్టినట్టుంది. కొత్త కోడలి తీగ కాయలు, పక్కింటావిడ కష్టపడి వండింది. నాన్న మొత్తం తిని, "ఆయ్, బాగుంది," అన్నారు. మామ్మ మాత్రం ముట్టుకోలేదు. పిన్ని తల వంచుకుని తనూ తింది. బాగుందన్న కబురు దడి దాటగానే, రెండో రోజు మరింత పెద్ద గిన్నె వచ్చింది.

ఆశ్వయుజంలో బాబాయి దగ్గర్నుంచి కబురు ఆగిపోయింది. అంతకు ముందు పదిహేను రోజులకోసారి మలికిపురంలో ఓ కొబ్బరి వ్యాపారి కొట్టుకి ఫోన్ చేసేవాడు. నాన్నా పిన్నీ సైకిల్ మీద వెళ్ళి మాట్లాడి వచ్చేవారు. ఒకసారి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు. తరవాతిసారీ అంతే. దసరా వెళ్ళింది, దీపావళి వచ్చింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళ ఇళ్ళన్నీ నాన్న తిరిగారు. ఎవరికీ తెలియదు. మామ్మ పగలు అన్నం తినడం మానేసింది. మజ్జిగ తాగి అరుగు మీద కూర్చునేది.

మా వీధి మంచిదే. కాని మంచి వీధికి కూడా నోరుంటుంది. "పాదు పాక ఎక్కించుకున్నారు కదండీ," అని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియలేదు. అన్న మాట మాత్రం నుయ్యి దగ్గర్నుంచి మా గుమ్మం దాకా వచ్చింది. మామ్మ విన్నది. పిన్ని కూడా విన్నది.

ఆ మర్నాడు మధ్యాహ్నం నాన్న పొలంలో ఉన్నారు. పిన్ని బొండాల కత్తి పట్టుకుని పాక వెనక్కి వెళ్ళడం చూసి నేను వెనకాలే వెళ్ళాను. దడి కన్నంలోంచి చెయ్యి అవతలకి పెట్టి తీగ మొదలు పట్టుకుంది. ఏడవడం లేదు. మొహం ఎండిపోయి ఉంది.

"పిన్నీ, ఏం చేస్తన్నావు?"

"నువ్వు లోపలికెళ్ళమ్మా."

నేను పరిగెత్తి మామ్మకి చెప్పాను. ఎందుకు మామ్మకే చెప్పానో తెలియదు. ఆ తీగ పోతే సంతోషించే మనిషి ఇంట్లో ఎవరైనా ఉంటే అది మామ్మే కదా. ఆవిడ చెంగు బిగించుకుని వచ్చింది. అప్పటికే కత్తి ఒక దెబ్బ పడింది. మొదలు సగం తెగి పాలిపోయిన చెక్క కనిపిస్తోంది.

"ఆగు," అంది మామ్మ.

పిన్ని ఆగింది. కత్తి మాత్రం వదల్లేదు. "నేను తెచ్చేను కదండి అత్తయ్యగారూ. నేనే తీసేస్తానండి. ఆయనకేవన్నా అయితే నేను..."

మామ్మ కుడితి గోలెం అంచు మీద కూలబడింది.

"ఆ ఏడు పొట్లపాదు ఈ చేతుల్తోనే పీకేను. పందిరి విరిచి పొయ్యిలో పెట్టేను. దాంతో వాడు లేచొచ్చేడా? రాలేదు. వాణ్ణి జొరం తీసుకుపోయిందమ్మాయ్. గోదారి పొంగి రేవులో పడవలు కట్టేసేరు. డాట్రు దగ్గరికి తీసుకెళ్ళలేకపోయేం. నేనెవర్ని తిట్టుకోను? గోదార్నా? మీ మావగార్నా? కళ్ళెదురుగుండా పాదు కనపడింది."

పిన్ని కత్తి దించింది.

"ఇప్పుడు నువ్వూ నరికేవనుకో. అబ్బాయి కబురొస్తే నరికేం కాబట్టి వచ్చిందంటావు. రాకపోతే ముందే నరకాల్సిందంటావు. ఎటొచ్చీ నీకు మిగిలేది భయవే. నాకు అదే మిగిలింది. నా భయం నీకెందుకు, వద్దు. ఆ కత్తిటు తే."

కత్తి తీసుకుని గడ్డివాము వైపు విసిరేసింది. నా వైపు తిరిగి, "చూస్తావేం, పేడ తీసుకురా," అని గసిరింది. నేను తెచ్చిన పేడా బంకమట్టీ కలిపి, దడి కన్నంలోంచి రెండు చేతులూ దూర్చి, తెగిన చోట మెత్తి, అరటినారతో కట్టు కట్టింది. అన్నేళ్ళ తరవాత మామ్మ ఒక పాదుని ముట్టుకుంది. పిన్ని ఆవిడ భుజం మీద తల ఆనించి అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. నేను కూడా, ఎందుకో పూర్తిగా తెలియకుండానే.

లేవబోతూ మామ్మ పాక చూరు కింద రాలి పడ్డ కాయలు చూసింది. తొక్కలు నల్లబడి ముడతలు పడ్డాయి.

"ఇవన్నీ కుళ్ళిపోయేయిగా."

పిన్ని ముక్కు చీదుకుని, "కుళ్ళలేదండి. ఇప్పుడే పండేయండి. రాలి ముడతలు పడితేగాని మా వైపు తినరండి," అంది.

"తినడవేంటి? కూరా?"

"కూర కాదండి. పండండి. కోసి లోపలి గుజ్జు తింటారండి."

"మరి రెండు గిన్నెల కూర తిన్నారు కదే అందరూ. చెప్పలేదేం?"

"అందరూ బాగుందన్నారు కదండీ. ఈ వైపు అలా వండుకుంటారేవో అనుకున్నానండి."

మామ్మ ముందు నోరు తెరిచింది, తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఇక ఆపుకోలేక గోలెం పట్టుకుని నవ్వింది. ఏడుపు తడి ఆరకుండానే నవ్వింది. "మీ బావగారు గోనెసంచి తిన్నట్టు నమిలేడే," అని నాతో అంది. నాన్న బావగారయ్యేది పిన్నికి, నాకు కాదని కూడా చూసుకోలేదు, అంత నవ్వు.

పిన్ని ఒక పండు కోసి ఇచ్చింది. లోపల పసుపుపచ్చటి గుజ్జు, నల్లటి గింజలు. కబురు ఇంకా రాలేదు. కొడుకు ఏ దేశంలో ఎలా ఉన్నాడో తెలియదు. అయినా మామ్మ ఆ పండు నోట్లో పెట్టుకుంది. పులుపుకి ఒక కన్ను మూసుకుని, "బెల్లం తే," అంది.

కార్తీకం వెళ్ళేలోపు కబురు వచ్చింది. సెలవు మీద వచ్చిన మామిడికుదురు కుర్రవాడు బాబాయి మాట్లాడి పంపిన క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. ఎడారి మధ్య కొత్త పనిలోకి తీసుకెళ్ళారట, అక్కడ ఫోన్ లేదట, అంతే సంగతి. అత్తయ్యవాళ్ళ టేప్‌రికార్డర్ మా అరుగు మీద పెట్టి అందరం చుట్టూ చేరాం. "అమ్మా, భోంచేసేవా?" అని క్యాసెట్ అడిగింది. "ఆయ్, తిన్నాన్రా," అని మామ్మ దానికి జవాబు చెప్పింది. ఎవరూ నవ్వలేదు. పిన్ని స్తంభం చాటున నిలబడి, క్యాసెట్ అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి వెయ్యమంది.

వీధి ఊరుకుంటుందా. పాపం మాట తిప్పుకుని సంతోషంగా వచ్చారు. "పాదు అచ్చొచ్చిందండి పెద్దమ్మగారూ," అంది అత్తయ్య.

"అచ్చొచ్చేదీ లేదు, అచ్చిరానిదీ లేదు. నీళ్ళు పోస్తే కాస్తాది," అంది మామ్మ. "ఆ కూర మాత్రం మళ్ళీ వండకమ్మా."

ఆ ఏడు మాఘంలో మామ్మ నాన్నని పిలిచి వెదుళ్ళు తెప్పించమంది. ఆవు ఈనలేదు, కోడలు కనలేదు, ఏ లెక్కా కుదరలేదు. దొడ్లో నూతి పక్కన పందిరి లేచింది. పొట్ల గింజలు మామ్మే నాటింది. తీగ పందిరెక్కి కాయలు దిగడం మొదలెట్టాక, వంకర పోకుండా సాగడానికి చివర్లకి చిన్న చిన్న రాళ్ళు కట్టే పని నాకు అప్పజెప్పింది. వీధి చూస్తూ నడిచిపోయేది. ఒక్కరూ నోరెత్తలేదు.

మొదటి కాయ కోసిన రోజు ఆవిడే స్వయంగా పెరుగుపచ్చడి చేసింది. అందరినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టి వడ్డిస్తూ, మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు, ఒక పేరు పలికింది. "వాడికి ఇదంటే ప్రాణం. అన్నం లేకుండా ఒట్టిదే తినేసేవాడు."

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆ పేరు ఆయనకి తెలుసు. తమ్ముడి పేరు తెలియకుండా ఎలా ఉంటుంది. అన్నేళ్ళూ వాళ్ళమ్మ బాధపడుతుందని ఆయన అనలేదు, కొడుకు బాధపడతాడని ఆవిడ అనలేదు.

"కాయకి కట్టిన రాయి తనకిమ్మని ఏడ్చేవాడు," అన్నారు నాన్న.

"నువ్వే విప్పి ఇచ్చేవు. ఆ కాయ వంకర్లు పోయింది."

"నన్ను తిట్టేవు కూడాను."

"తిట్టనా మరి? నాలుగు కాయలు విప్పేవురా."

అలా వాళ్ళిద్దరూ చెప్పుకుంటూనే ఉన్నారు. మేం కంచాల్లో చేతులు ఎండబెట్టుకుని వింటూ కూర్చున్నాం. ఆ పిల్లవాడు గోచీ లేకుండా కాలవ దాకా పరిగెత్తడం, లేగదూడకి తన పాలు పట్టబోవడం, అన్నీ ఆ పూటే విన్నాం. అంతవరకూ మా ఇంట్లో ఆ మూడేళ్ళవాడు ఒక చావు. ఆ మధ్యాహ్నం నుంచి పిల్లవాడయ్యాడు.

ఇప్పుడు దడుల కాలం పోయింది. మాకూ పక్కింటికీ మధ్య సిమెంటు గోడ లేచింది. తల ఎత్తి కబుర్లు చెప్పే అత్తయ్య లేదు, మామ్మా లేదు. రాఖీ తీగ ఆ గోడనే ఎక్కి అటూ ఇటూ కాస్తూనే ఉంది, పిన్ని దాన్ని ఎండిపోనివ్వలేదు. ఆ క్యాసెట్ వచ్చిన మరో రెండేళ్ళకి బాబాయి తిరిగొచ్చేసి కొబ్బరి వ్యాపారంలో దిగాడు. దొడ్లో లేని పాదు లేదు. మాకెవరూ జాలిపడి బీరకాయలు పంపరు, మేమే పంపుతుంటాం. వెనకటి చుట్టపుచూపులు తగ్గాయని నాకు కాస్త బెంగ ఉంది, అది నిజమే.

మా నాన్న బతికున్నన్నాళ్ళూ కొత్తవాళ్ళు ఎవరైనా "మీరెంతమంది అన్నదమ్ములండీ?" అని అడుగుతుండేవారు. నా చిన్నతనంలో ఆయన "ఇద్దరవండి," అనేవారు, నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ పొట్లకాయ పెరుగుపచ్చడి తిన్న రోజు తరవాత ఆ జవాబు మారింది. ఎవరడిగినా, బస్సులో పక్క సీటువాళ్ళు అడిగినా సరే, "ముగ్గురవండి," అనేవారు.